మన స్థలం, మన ఇల్లు - మరి నియమాలెందుకు?

మీ వీధి చివర ఖాళీ స్థలం ఒకటి ఉందనుకోండి. రెండువందల గజాలు. దాన్ని ఒకాయన కొన్నాడు. ఇల్లు కట్టాలని మేస్త్రీని పిలిపించి, హద్దు నుంచి హద్దు దాకా ముగ్గు పోయించాడు. అంతలో మునిసిపాలిటీ ఉద్యోగి వచ్చాడు. "ముందువైపు ఇంత వదలాలి, పక్కల ఇంత వదలాలి, వెనక ఇంత వదలాలి, ఇంత ఎత్తుకు మించి కట్టకూడదు" అన్నాడు. స్థలం యజమానికి ఒళ్లు మండింది. "డబ్బు నాది. భూమి నాది. రిజిస్ట్రేషను నా పేరిట ఉంది. నా స్థలంలో నేను కట్టుకుంటుంటే మీకేం పోయింది?" అన్నాడు.

ఆయన అడిగినదాంట్లో తప్పేమీ లేదు. కారణం చెప్పకుండా "ఇది నియమం, పాటించు" అంటే ఎవరికైనా కోపం రావడం సహజమే. కాబట్టి ఆ కారణమేమిటో మనం వెతుకుదాం. అందుకు కొంచెం చరిత్ర, కొంచెం భౌతికశాస్త్రం, ఇంకొంచెం లెక్కలు కావాలి. ఇవన్నీ మీరు బడిలో చదువుతున్నవే.

హద్దురాయి దగ్గర ఆగనివి

స్థలానికి హద్దురాళ్లు ఉంటాయి. కాని ఆ స్థలంలో జరిగే పనుల ఫలితాలకు హద్దురాళ్లు లేవు. ఒక ఇంటి నిప్పు పక్కింటికి పాకుతుంది. ఒక గోడ నీడ ఎదురింటి మీద పడుతుంది. ఒకరి పెరట్లోంచి పారిన నీరు పల్లంలో ఉన్నవారి ఇంట్లో చేరుతుంది. ఒక కర్మాగారం వదిలిన గాలిని ఊరంతా పీలుస్తుంది. ఒక భవనంలో చేరిన మనుషులు వీధిలోకే వస్తారు, అందరూ తాగే నీళ్లే తాగుతారు.

పల్లెలో ఇల్లు ఇంటికీ దూరం ఉన్నప్పుడు ఈ ఇబ్బంది తక్కువ. నగరంలో లక్షలమంది పక్కపక్కనే ఉంటారు. అందుచేత నగరంలో భూమిని ఎక్కడ దేనికి వాడాలి, ఎలా కట్టాలి అన్నదానికి నియమాలు పుట్టాయి. వీటిలో చాలా వాటి వెనుక ఒక్కొక్క పెద్ద ప్రమాదం ఉంది. ఒక్కొక్కటే చూద్దాం.

నిప్పు నేర్పిన పాఠం

1666వ సంవత్సరం సెప్టెంబరు 2వ తేదీ తెల్లవారుజామున లండను నగరంలో ఒక రొట్టెల దుకాణంలో నిప్పు అంటుకుంది. ఆనాటి లండనులో ఇళ్లు చాలావరకు కొయ్యతో కట్టినవి. వీధులు ఇరుకు. పైగా ఇళ్ల పై అంతస్తులు వీధిలోకి ముందుకు పొడుచుకువచ్చి ఉండేవి. దాంతో వీధికి అటూ ఇటూ ఉన్న ఇళ్ల పైభాగాలు దాదాపు ఒకదానినొకటి తాకుతున్నట్లుండేవి. ఇక నిప్పు పాకడానికి అడ్డేముంది? నాలుగు రోజులపాటు మంటలు చెలరేగాయి. సుమారు 13,200 ఇళ్లు బూడిదయ్యాయి.

ఇందులో గమనించవలసిన సంగతి ఒకటుంది. కొయ్య బదులు ఇటుక వాడాలనీ, ఇళ్లను వీధిలోకి పొడిగించకూడదనీ రాజుల ఆజ్ఞలు అంతకుముందే ఉన్నాయి. కాని పట్టించుకున్నవారు తక్కువ.

మరుసటి ఏడాది, అంటే 1667లో, ఇంగ్లండు పార్లమెంటు నగర పునర్నిర్మాణానికి చట్టం చేసింది. బయటి గోడలు ఇటుకతోగాని, రాతితోగాని కట్టాలి. చిన్న సందుల్లో రెండంతస్తుల ఇళ్లే ఉండాలి. కొంచెం వెడల్పైన వీధుల్లో మూడంతస్తులు కట్టుకోవచ్చు. పెద్ద రాజవీధుల్లో నాలుగు. వీధి వెడల్పుకూ ఇంటి ఎత్తుకూ లంకె పెట్టారన్నమాట! మూడున్నర శతాబ్దాలు గడిచినా మన నగరాల్లో ఆ లంకె నేటికీ ఉంది.

ఎందుకో ఊహించండి. మీ సందులో నిప్పంటుకుంటే ఫైరింజను లోపలికి రావాలి. నిచ్చెన చాపడానికి దానికి చోటుండాలి. భవనం ఎంత ఎత్తైతే అంత పెద్ద ఫైరింజను కావాలి, అంత వెడల్పైన రోడ్డు కావాలి. మన దేశంలో 2016 నాటి జాతీయ భవన నిర్మాణ నియమావళి 15 మీటర్లు, అంతకుమించి ఎత్తున్నవాటిని ఎత్తైన భవనాలుగా లెక్కించింది. వాటికి రెండో మెట్లదారి, చుట్టూ ఫైరింజను తిరిగే ఖాళీ వంటి అదనపు జాగ్రత్తలు చెప్పింది. "చుట్టూ ఇంత వదలండి" అంటే స్థలం వృథా చేయమని అర్థం కాదు. అది ప్రాణాలు కాపాడేవారు నడిచే దారి.

నీడ ఎంత పొడుగు?

ఇప్పుడొక లెక్క చేద్దాం. హైదరాబాదు సుమారు 17.4 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. డిసెంబరు 22 ప్రాంతంలో సూర్యుడు భూమధ్యరేఖకు 23.4 డిగ్రీల దక్షిణాన నడినెత్తిన ఉంటాడు. కనుక ఆ రోజు హైదరాబాదులో మిట్టమధ్యాహ్నం సూర్యుడి ఎత్తు 90 - 17.4 - 23.4 = 49.2 డిగ్రీలు. ఈ కోణానికి టాంజెంటు విలువ సుమారు 1.16.

మూడంతస్తుల ఇల్లు, అంటే దాదాపు 10 మీటర్ల ఎత్తు గోడ, ఆ వేళ ఎంత నీడ పరుస్తుంది? 10ని 1.16తో భాగించండి. సుమారు 8.6 మీటర్లు వస్తుంది. ఆ నీడ ఉత్తరం వైపుకు పడుతుంది.

తూర్పు పడమరలుగా సాగే ఒక సందు ఉందనుకోండి. వెడల్పు 6 మీటర్లు. దక్షిణం వైపు ఇంటాయన, ఉత్తరం వైపు ఇంటాయన ఇద్దరూ హద్దు మీదనే గోడ లేపారు. దక్షిణపు ఇంటి నీడ సందును దాటి ఎదురింటి గోడ మీద సుమారు 3 మీటర్ల ఎత్తు దాకా పాకుతుంది. అంటే చలికాలం మిట్టమధ్యాహ్నం కూడా ఎదురింటి కింది అంతస్తుకు ఎండ తగలదు. ఆ గదుల్లో పసిపిల్లలున్నా, ముసలివాళ్లున్నా పగలే దీపం పెట్టుకోవాలి.

అదే ఇద్దరూ ముందువైపు ఒకటిన్నర మీటరు చొప్పున వదిలారనుకోండి. గోడకూ గోడకూ మధ్య దూరం 6 + 1.5 + 1.5 = 9 మీటర్లు. నీడ పొడుగు 8.6 మీటర్లు. నీడ ఎదురింటి గోడకు కొంచెం ఇవతలే ఆగిపోయింది! ఎండ గడప దాకా వచ్చింది. సెట్‌బ్యాక్ అని మేస్త్రీలు కూడా వాడే మాట మీరు వినే ఉంటారు. హద్దుకూ గోడకూ మధ్య వదిలే ఖాళీయే అది. అదేదో అధికారి సరదాకు పెట్టింది కాదని ఈ లెక్క చూస్తే తెలుస్తుంది.

ఎండ, గాలి సరిగా రాని ఇళ్లు చెమ్మగిల్లుతాయి. ఇరుకు గదుల్లో క్షయవంటి రోగాలు సులభంగా వ్యాపిస్తాయి. 1896లో బొంబాయిలో ప్లేగు వ్యాపించి వేలాదిమందిని బలిగొన్న తర్వాత, 1898లో ఆ నగరాన్ని బాగుచేయడానికి ప్రత్యేకంగా ఒక ట్రస్టును ఏర్పాటు చేశారు. ఇరుకు బస్తీల మధ్య వెడల్పైన వీధులు తీసి సముద్రపు గాలి లోపలికి వచ్చేటట్లు చేయడం దాని పనుల్లో ఒకటి. హైదరాబాదులో కూడా 1912లో నగర అభివృద్ధి మండలి ఏర్పడింది. చార్మినారు దగ్గరి పత్తర్‌గట్టి వీధి ఆ మండలి కట్టించినదే.

సముద్రానికి ఆవల న్యూయార్క్ నగరంలో మరో ముచ్చట. 1915లో అక్కడ 38 అంతస్తుల భవనం ఒకటి పూర్తయింది. దాని పేరు ఈక్విటబుల్ భవనం. ఎత్తు సుమారు 164 మీటర్లు. నాలుగు వైపులా వీధి అంచు నుంచి గోడ నిటారుగా ఆకాశంలోకి లేచింది. దాని నీడ సుమారు ఏడెకరాల మేర పడింది. చుట్టుపక్కల కట్టడాలు చీకట్లో పడ్డాయి. ఇలాంటివి ఇంకా లేస్తే వీధులు బావులవుతాయని జనం భయపడ్డారు. 1916లో ఆ నగరం తన నేలంతటికీ వర్తించే నియమాలు చేసింది. ఒక ఎత్తు దాటాక భవనం వెనక్కి జరుగుతూ పైకి పోవాలి అన్నది అందులో ముఖ్యమైనది. అందుకే ఆ తరువాత కట్టిన భవనాలెన్నో మన గుడి గోపురాల్లా మెట్లుమెట్లుగా పైకి పోయేకొద్దీ సన్నబడతాయి. 1931లో పూర్తయిన ఎంపైర్ స్టేట్ భవనం బొమ్మ దొరికితే చూడండి. ఆ ఆకారంలో నియమం కనిపిస్తుంది.

నీరు తన దారి మరవదు

ఇక నీటి సంగతి. ఇది మన ఊళ్లకు బాగా తెలిసిన కథ.

1908 సెప్టెంబరు 28న హైదరాబాదులో మూసీ నది పొంగింది. ఎగువన కురిసిన కుండపోతకు గొలుసుకట్టు చెరువులు ఒకదాని తరువాత ఒకటి తెగి, ఆ నీరంతా నదిలో పడింది. ఒడ్డున ఉన్న పేటలు కొట్టుకుపోయాయి. దాదాపు పదిహేను వేలమంది మరణించారని అంచనా. ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఒక పాత చింతచెట్టు ఉంది. ఆనాడు దాని కొమ్మలెక్కి నూటయాభైమంది దాకా ప్రాణాలు దక్కించుకున్నారని చెబుతారు.

ఇలాంటి వరద మళ్లీ రాకుండా ఏంచేయాలో చెప్పమని నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారిని పిలిపించింది. ఆయన సూచనల మేరకు నగరానికి ఎగువన రెండు పెద్ద జలాశయాలు వచ్చాయి. మూసీ మీద ఉస్మాన్ సాగర్ 1920లోనూ, ఈసీ మీద హిమాయత్ సాగర్ 1927లోనూ పూర్తయ్యాయి. వరదను ఆపడానికి కట్టినవే నగరానికి తాగునీరు కూడా ఇచ్చాయి.

కాని జలాశయమంటే కట్ట ఒక్కటే కాదు. వాననీరు ఏ నేల మీదుగా పారి అందులో చేరుతుందో ఆ నేలంతా జలాశయంలో భాగమే. ఆ నేలను కాపాడడానికి 1996లో ఆనాటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 111వ నంబరు ఉత్తర్వు ఇచ్చింది. రెండు జలాశయాల చుట్టూ పది కిలోమీటర్ల మేర, 84 గ్రామాల్లో, కాలుష్యం కలిగించే పరిశ్రమలూ పెద్ద నివాస కాలనీలూ రాకుండా ఆంక్షలు పెట్టింది. ఆ గ్రామాల రైతుల్లో చాలామంది, "పక్క ఊళ్లో భూమి ధర ఆకాశాన్నంటింది, మా భూమి మాత్రం అలాగే ఉండిపోయింది" అని బాధపడ్డారు. ఆ బాధా నిజమే. 2022లో తెలంగాణ ప్రభుత్వం ఆ ఆంక్షలను సడలిస్తూ మరో ఉత్తర్వు ఇచ్చింది. నీటిని కాపాడాలనేవారికీ, మా నష్టం ఎవరు తీరుస్తారనే రైతులకూ మధ్య వాదం చాలాకాలంగా సాగింది. ఒక నియమం నగరమంతటికీ మేలు చేస్తూ కొద్దిమంది మీద భారం వేస్తే, ఆ భారాన్ని ఎలా పంచుకోవాలన్నది కూడా ఆలోచించాలి కదా!

మళ్లీ మన రెండువందల గజాల స్థలానికి వద్దాం. దాని విస్తీర్ణం దాదాపు 167 చదరపు మీటర్లు. ఒకరోజు 10 సెంటీమీటర్ల వాన కురిసిందనుకోండి. 167ను 0.1తో గుణిస్తే 16.7 ఘనపు మీటర్లు. అంటే 16,700 లీటర్లు! రెండువందల లీటర్ల పీపాలు 83 నిండుతాయి. స్థలం మట్టినేలగా ఉంటే అందులో కొంత ఇంకుతుంది. మిగతాది మెల్లగా పారుతుంది. అంతా కాంక్రీటు పరిచేస్తే దాదాపు మొత్తం నీరు వెంటనే వీధిలోకి దూకుతుంది. ఒక్క ఇంటికే 83 పీపాలైతే, ఐదువందల ఇళ్ల కాలనీకి ఎన్నో మీరే లెక్కకట్టండి.

ఆ నీరంతా పోవలసింది నాలాలోకి, అక్కడినుంచి చెరువులోకి. చెరువు నిండి అలుగు పారేటప్పుడు నీరు ఎక్కడిదాకా వస్తుందో దాన్ని పూర్తి నీటిమట్టం అంటారు. వేసవిలో ఆ అంచు ఎండిపోయి మామూలు నేలలాగే కనిపిస్తుంది. అదే మోసం! ఎండిన శిఖం భూమిని చూసి అది ఖాళీ స్థలమనుకుంటారు. పదేళ్లు చెరువు నిండకపోవచ్చు. పదకొండో ఏట నిండవచ్చు. 2012 నాటి భవన నిర్మాణ నిబంధనల ప్రకారం పది హెక్టార్లు, అంతకు మించిన చెరువులకు పూర్తి నీటిమట్టం నుంచి 30 మీటర్ల దాకా, అంతకంటె చిన్న చెరువులకు 9 మీటర్ల దాకా ఏమీ కట్టరాదు. 2020 అక్టోబరు 13న హైదరాబాదులో భారీవాన కురిసింది. బేగంపేటలో 24 గంటల్లో సుమారు 19 సెంటీమీటర్లు నమోదైంది. చెరువుల దిగువన, నాలాల వెంట ఉన్న కాలనీలెన్నో రోజుల తరబడి నీటిలో ఉండిపోయాయి. నీరు తన పాత దారినే వచ్చింది. దారిలో ఇళ్లున్నాయి.

గాలి మోసుకొచ్చే ప్రమాదం

నగర పటాన్ని మీరెప్పుడైనా చూశారా? మాస్టర్ ప్లాన్ అని పిలిచే ఆ పటంలో రంగులుంటాయి. సాధారణంగా ఇళ్లుండే ప్రాంతానికి పసుపు, పరిశ్రమలకు ఊదా, పార్కులకూ తోటలకూ ఆకుపచ్చ. ఒక్కొక్క రంగు ప్రాంతాన్ని జోను అంటారు. ఇళ్లనూ, ప్రమాదకరమైన పరిశ్రమలనూ ఇలా విడదీయడం ఎందుకు?

1984 డిసెంబరు 2వ తేదీ రాత్రి భోపాలులో పురుగుమందుల కర్మాగారం నుంచి మిథైల్ ఐసోసయనేట్ అనే విషవాయువు వెలువడింది. కర్మాగారం గోడ అవతలే కిక్కిరిసిన బస్తీలున్నాయి. నిద్రలో ఉన్న వేలాదిమంది బలైపోయారు. అటువంటిదే, అంతకంటె చిన్నదైనా, మన విశాఖపట్నంలోనూ జరిగింది. 2020 మే 7న తెల్లవారుజామున ఆర్.ఆర్.వెంకటాపురం దగ్గరి కర్మాగారం నుంచి స్టైరీన్ ఆవిరి వెలువడి పన్నెండుమంది చనిపోయారు. వందలమంది ఆసుపత్రి పాలయ్యారు.

స్టైరీన్ అంటే థర్మోకోల్ వంటివాటికి మూలపదార్థం. దీని అణుభారం 104. గాలి సగటు అణుభారం 29. అంటే స్టైరీన్ ఆవిరి గాలికన్నా మూడున్నర రెట్లు బరువు. అందుచేత అది పొగలాగా పైకి పోదు. నేలబారుగా పాకుతుంది. అది పాకేచోట జనం పడుకుని ఉంటే ఏమవుతుందో చెప్పనక్కరలేదు.

ఆ కర్మాగారం 1961లో మొదలైంది. అప్పటికది నగరానికి దూరంగానే ఉంది. తరువాత నగరమే పెరుగుతూ వచ్చి దాన్ని చుట్టుముట్టింది. ఇక్కడ మనం నేర్చుకోవలసింది ఇదీ: కర్మాగారాన్ని దూరంగా పెట్టడంతోనే పని పూర్తికాదు. ఆ దూరాన్ని ఏళ్ల తరబడి కాపాడాలి. చుట్టూ చెట్లపట్టీనో పొలాలనో ఉంచి ఇళ్లు రానివ్వకూడదు. కర్మాగారం విస్తరించాలన్నప్పుడల్లా చుట్టూ ఎవరున్నారో చూడాలి. భోపాలు దుర్ఘటన తరువాత 1987లో కర్మాగారాల చట్టాన్ని సవరించి, ప్రమాదకర పరిశ్రమలు పెట్టే చోటును ముందుగా పరిశీలించే కమిటీలను అందులో చేర్చారు.

ఒక స్థలం, ఎంతమంది?

ఇప్పుడు మనుషుల లెక్క. వెయ్యి చదరపు మీటర్ల స్థలం ఉందనుకోండి. అందులో అన్ని అంతస్తులూ కలిపి రెండువేల చదరపు మీటర్లు కట్టవచ్చంటే, నిష్పత్తి 2 అన్నమాట. దీన్ని ఫ్లోర్ ఏరియా రేషియో అంటారు. ఆ రెండువేల చదరపు మీటర్లనూ సగం స్థలంలో నాలుగంతస్తులుగా కట్టవచ్చు. లేదా పావు స్థలంలోనే ఎనిమిదంతస్తులుగా కట్టి, మిగిలిన ముప్పావు ఖాళీగా ఉంచవచ్చు. ఎలా కట్టినా అందులో పట్టే జనం దాదాపు అంతే.

వంద చదరపు మీటర్ల ఫ్లాట్లు ఇరవై. ఇంటికి నలుగురనుకుంటే ఎనభైమంది. నగరంలో మనిషికి రోజుకు 135 లీటర్ల నీరు కావాలని మనదేశంలో లెక్క. 80ని 135తో గుణిస్తే 10,800 లీటర్లు. వాడిన నీటిలో దాదాపు 80 శాతం మురుగుగా బయటికి పోతుంది. అంటే 8,640 లీటర్ల మురుగు. నిష్పత్తి 4కు పెంచితే ఇవన్నీ రెండింతలు. కాని వీధికింద ఉన్న మురుగుగొట్టం రెండింతలు లావు కాదుగా! అది ఎక్కడ పొంగుతుంది? కొత్త భవనంలో కాదు, పల్లంలో ఉన్న పాత ఇంటి వాకిట్లో.

కొన్ని నగరాలు ఈ నిష్పత్తితో జనాన్ని అదుపు చేస్తాయి. హైదరాబాదులో 2006లో దీనికి బదులు రోడ్డు వెడల్పు, భవనం ఎత్తు, చుట్టూ వదిలే ఖాళీ, వీటితోనే హద్దు పెట్టే పద్ధతి తెచ్చారు. పద్ధతి ఏదైనా అడగవలసిన ప్రశ్న ఒక్కటే: ఇక్కడి రోడ్డూ నీళ్లూ మురుగుకాలువా ఎంతమందిని మోయగలవు?

ఇంకా ఇళ్లు రాకముందే

పొలాన్ని ప్లాట్లుగా విడగొట్టడాన్ని లేఅవుట్ అంటారు. లేఅవుట్‌కు అనుమతి ఇచ్చేటప్పుడు రోడ్లకూ, పార్కుకూ, బడివంటి అందరి అవసరాలకూ కొంత నేల విడిచిపెట్టమంటారు. ఎందుకంటే పార్కుకు స్థలం ఇళ్లు లేనప్పుడు తీయడం తేలిక. అంతా కట్టేశాక తీయాలంటే ఎవరి ఇల్లో కూల్చాలి. మీరు సాయంత్రం క్రికెట్టు ఆడుకునే మైదానం ఉందా? ఉంటే, మీరు పుట్టకముందే ఎవరో ఒకరు ఆ చోటును పటంలో ఆకుపచ్చగా చూపి, దాన్ని అమ్మనివ్వకుండా కాపాడి ఉంటారు.

ఈ నియమాలు చేసేదెవరు? ఆంధ్రప్రదేశ్ పట్టణ ప్రాంతాల అభివృద్ధి చట్టం 1975లో వచ్చింది. హైదరాబాదు పట్టణాభివృద్ధి సంస్థ ఆ ఏడే ఏర్పడింది. 2008లో దాని స్థానంలో హైదరాబాదు మహానగర అభివృద్ధి సంస్థ వచ్చింది. 1992లో జరిగిన 74వ రాజ్యాంగ సవరణ మునిసిపాలిటీలకు అప్పగించదగిన పద్ధెనిమిది విషయాల పట్టికను చేర్చింది. అందులో మొదటిది పట్టణ ప్రణాళిక. రెండోది భూమి వాడకాన్నీ కట్టడాలనూ క్రమబద్ధం చేయడం. చూశారా, వీటికి ఎంత ముఖ్యమైన చోటిచ్చారో! మాస్టర్ ప్లాన్ ఖాయం చేసేముందు ముసాయిదాను ప్రజల ముందుంచి, అభ్యంతరాలూ సలహాలూ కోరతారు. ఆ సమయంలో నోరు విప్పే హక్కు మీ నాన్నగారికీ, మీ వీధి చివరి కిరాణా కొట్టాయనకూ కూడా ఉంది.

నియమాలకూ లోపాలున్నాయి

అలాగని నియమాలన్నీ మంచివేనని అనుకోవద్దు. ఇళ్లనూ దుకాణాలనూ మరీ దూరం చేస్తే పావుశేరు చక్కెరకు కూడా స్కూటరెక్కాలి. ప్లాటు మరీ పెద్దదిగా ఉండాలంటే పేదవాడు నగరంలో నియమం ప్రకారం ఇల్లు కట్టుకోలేడు. ఆ పేదవాడే నాలా ఒడ్డుకు చేరతాడు. పటం గీసేవారు తోపుడుబండ్లవాళ్లను మరచిపోతే వాళ్లు రోజూ లాఠీకి భయపడుతూ బతకాలి. అందుకనే 2014లో వీధి వ్యాపారుల రక్షణకు పార్లమెంటు ప్రత్యేక చట్టం చేసి, వారికీ చోట్లు గుర్తించాలన్నది.

ఇంకో లోపం నియమంలో లేదు, అమలులో ఉంది. తప్పుగా కట్టినవాటిని జరిమానా కట్టించుకుని క్రమబద్ధం చేసే పథకం ఆంధ్రప్రదేశ్‌లో 2007 డిసెంబరులో వచ్చింది. తరువాత కూడా అటువంటివి వచ్చాయి. జరిమానా ఖజానాకు చేరుతుంది. కాని ఎదురింటిమీది నీడ తొలగదు, ఫైరింజనుకు దారి ఏర్పడదు. మరోవైపు, 2024లో హైదరాబాదులో హైడ్రా అనే సంస్థ ఏర్పడి చెరువుల్లో కట్టినవాటిని కూల్చడం మొదలుపెట్టింది. చెరువు దక్కడం మంచిదే. కాని తెలియక, అప్పుచేసి ఇల్లు కొన్న కుటుంబం సామాను రోడ్డుమీద పెట్టుకుని ఏడ్చింది. అక్కడ ప్లాట్లు వేసి అమ్మినవాళ్లు మాత్రం డబ్బు తీసుకుని ఏనాడో వెళ్లిపోయారు. మొదటి ముగ్గు పోసిన రోజునే నియమాన్ని అమలు చేసి ఉంటే ఆ కన్నీళ్లు ఉండేవి కావు.

మీరు చేసి చూడండి

1. మీటరు కర్రను ఎండలో నిటారుగా పాతండి. మిట్టమధ్యాహ్నం నీడ కొలవండి. నెలకొకసారి ఇలా ఏడాది పొడుగునా కొలిచి రాసుకోండి. హైదరాబాదులోనయితే జూన్ 21 ప్రాంతంలో నీడ దక్షిణానికి పడుతుంది! ఎందుకో ఆలోచించండి.

2. రెండు రేకు పళ్లాలు తీసుకోండి. ఒకదానిలో మట్టి నింపి గడ్డి నాటండి. రెండోది ఖాళీగా ఉంచండి. ఒక పక్క కొంచెం ఎత్తుపెట్టి, రెండింటిమీదా చెంబుడేసి నీళ్లు మెల్లగా పోయండి. దేనినుంచి ఎంత నీరు, ఎంతసేపట్లో కిందికి వచ్చిందో గిన్నె పెట్టి కొలవండి.

3. మీ వీధి వెడల్పును అడుగులతో కొలవండి. ఇళ్ల ఎత్తును నీడల సహాయంతో లెక్కకట్టండి. ఫైరింజను రాగలదా? ఎక్కడిదాకా రాగలదు?

4. మీ ఊరి పాత పటం దొరికితే తెచ్చి, అందులో ఉండి ఇప్పుడు కనిపించని చెరువులూ కాలువలూ గుర్తించండి. వానాకాలంలో నీరు నిలిచే చోట్లతో పోల్చి చూడండి.

ఇప్పుడు మన స్థలం యజమాని దగ్గరికి మళ్లీ వెళదాం. "నా స్థలంలో కట్టుకుంటుంటే మీకేం పోయింది?" అని కదా ఆయన అడిగాడు. ఆయనను వెంటబెట్టుకుని వీధికి అవతలివైపు ఇంట్లోకి తీసుకెళ్లండి. డిసెంబరు మధ్యాహ్నం ఎండ ఎక్కడిదాకా వస్తున్నదో చూపించండి. తరువాత ఒక్కమాట చెప్పండి: రేపు ఆయన వెనక స్థలం కొన్నవాడు కూడా ఇదే ప్రశ్న వేస్తాడు. అప్పుడు ఆయన ఇంటి కిటికీకి వెలుతురు మిగిల్చేది కూడా ఈ నియమమే.